పాటకు ముందు చీర ఖర్చు

గుంటూరు: క్రిస్మస్ దగ్గరపడేకొద్దీ గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల పల్లెలలో చర్చి యువజన పాటల బృందాల సాధన ముమ్మరమవుతుంది. రాగం, తాళం కుదరకముందే బృందాలలో తేలవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది. ఈ ఏడు ఏ రంగు కట్టాలి? చూడటానికి చిన్న విషయమే. కాని కూలి ఇళ్లలో ఆడపిల్ల పాడాలో మానాలో కొన్నిచోట్ల ఈ ప్రశ్నే తేలుస్తున్నది.

పత్తి డబ్బు, మిరప డబ్బు

ఇందుకు పంటల కాలం ముఖ్య కారణం. డిసెంబరులో పత్తి తీత సాగుతూ ఉంటుంది. కూలి కిలోల లెక్కన వస్తుంది. మిరప కోతలు ఊపందుకునేది సంక్రాంతి దాటాకనే. అంటే చేతిలో నాలుగు డబ్బులాడే కాలం పండుగ వెళ్లిన తర్వాత వస్తుంది. చీర 500 రూపాయలే అనుకున్నా జాకెట్టు గుడ్డ, కుట్టుకూలి వేరు. ఇంట్లో ఇద్దరు పాడేవారుంటే ఖర్చు రెట్టింపు. వానకు పత్తి తడిసిన ఏడాది ఈ భారం మరీ ఎక్కువ. మగపిల్లలకు ఈ బాధ తక్కువ. తెల్లచొక్కా, నల్లప్యాంటు పాత జతే సరిపోతుంది. కొనలేని ఆడపిల్ల గొంతు బాగాలేదని తప్పుకుంటుందే గాని డబ్బు లేదని చెప్పదు.

తెల్లచీర వెనుక గౌరవం

అలాగని అందరూ ఒకే రకం దుస్తులు కట్టడం దండగ అనలేము. 1842లో హెయర్ గుంటూరుకు, 1866లో క్లౌ ఒంగోలుకు వచ్చి మిషన్లు నడిపారు. అయినా పాట పూర్తిగా పాశ్చాత్య బాణీలో మిగలలేదు. పురుషోత్తమ చౌదరి వంటివారి రచనలు రాగతాళాలతో ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’లో చేరినవి. దుస్తులూ అంతే. విదేశాలలో గాయకులు సొంత బట్టలపై పొడవాటి అంగీ తొడుగుతారు. కలవారెవరో లేనివారెవరో దానితో కనబడదు. పల్లెలలో ఆ పని తెల్లచీర చేసింది. ఈ సంఘాలలో ఎక్కువమంది మాల, మాదిగ పేటలవారు. మంచి బట్ట కట్టి ఊరి నడివీధిన నడిస్తే తప్పుపట్టిన రోజులు ఆ కుటుంబాలకు తెలుసు. వారికి ఉతికిన తెల్లచీర ఆడంబరం కాదు, గౌరవం.

చిక్కంతా ఏటా మారే రంగుతోనే వచ్చింది. తేడాలు కప్పవలసిన దుస్తులే తేడాలు బయటపెడుతున్నవి.

బుర్రకథ చెప్పే పాఠం

ఈ గడ్డమీదనే మరో ఉదాహరణ ఉన్నది. గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ బుర్రకథకు 1986లో పద్మశ్రీ వచ్చింది. తలపాగా, పొడవాటి అంగరఖా, కాలిగజ్జెలు కనబడగానే అది బుర్రకథ దళమని జనం పోల్చుకునేవారు. ఏటా రంగు మార్చకుండానే ఆ వేషానికి గుర్తింపు వచ్చింది.

పత్తి పండే నేలమీద గాయనులు సూరత్ పాలిస్టరు కట్టడం మరో విచిత్రం. మంగళగిరి, చీరాల మగ్గాలు దగ్గరలోనే ఉన్నవి. నేతచీర ఖరీదు ఎక్కువన్నది నిజమే. ఏటా కొనాలంటే సాధ్యపడదు. ఒకసారి కొని ఐదేళ్లు కట్టుకుంటే లెక్క సరిపోతుంది.

సంఘం సొమ్ముతోనో చందాలతోనో చీరలు కొని చర్చి బీరువాలో ఉంచవచ్చు. పెళ్లయి వెళ్లిన పిల్ల చీర కొత్తగా చేరిన పిల్లకు అందుతుంది. వంతులు వేయవలసి వస్తే ఆ మాట డిసెంబరులో కాక, మిరప కల్లాలు నిండే మార్చిలోనే అనుకోవాలి. గొంతు ఉన్న పిల్ల గుడ్డ లేక ఆగిపోతే నష్టపోయేది ఆ ఇల్లొక్కటే కాదు, బృందం కూడా.