ధైర్యం చెప్పడం ఎంత తేలిక!

చాలా రోజుల తర్వాత వ్రాస్తున్నాను, మన్నించండి. ముందుగా ఒక మాట: అది 'వత్తిడి' కాదు, 'ఒత్తిడి'. ఒత్తుట నుండి వచ్చినది. ఉద్యోగ విరమణ చేసినా దిద్దే అలవాటు పోలేదు.

1946లో గుంటూరులో వైద్య కళాశాల వెలసింది మొదలు మా ప్రాంతంలో డాక్టరు చదువు ఇంటింటి కల. పత్తి అమ్మి, మిరప అమ్మి, చాలకపోతే పొలమే అమ్మి చదివించినవారిని ఎరుగుదును. నా పూర్వ శిష్యురాలొకతె ఇప్పుడు హౌస్ సర్జను. తండ్రి ప్రకాశం జిల్లా మెట్ట రైతు. మిర్చి యార్డుకు టిక్కీలు తెచ్చినప్పుడల్లా హాస్టలు దాకా వెళ్ళి పచ్చడి సీసా ఇచ్చి వస్తాడు. ధర లేదని ఆయన చెప్పడు. నిద్ర లేదని ఈమె చెప్పదు. "బాగున్నావా అమ్మా?" "బాగున్నాను నాన్నా."

నాకు మాత్రం చెప్పింది. ఆరు నెలలుగా నిద్ర పట్టడం లేదట. డ్యూటీకి వెళ్ళేముందు చేతులు వణుకుతాయట. మానసిక వైద్యుని చూడమంటే, "తోటివాళ్ళకు తెలిస్తే నా దగ్గరకు రోగిని పంపుతారా మాస్టారూ?" అన్నది. నేనేమన్నాను? "నీవంటి తెలివైన పిల్ల అధైర్యపడవచ్చునా!" అన్నాను. ఆమె తల వంచుకొని కాఫీ త్రాగి వెళ్ళిపోయింది. ముప్పై యేళ్ళు పాఠాలు చెప్పిన నోటికి ఆ పూట అంతకన్న మంచి మాట దొరకలేదు.

తరువాత జాతీయ వైద్య కమిషన్ నియమించిన కార్యదళం 2024లో ఇచ్చిన నివేదిక గురించి చదివాను. ఆ సర్వేలో పాల్గొన్న ఎం.బి.బి.ఎస్. విద్యార్థులు 25,590 మంది. వారిలో 27.8 శాతం తమకు మానసిక సమస్య ఉన్నదని తెలిపారు. అంటే నలుగురిలో ఒకరికి పైమాటే. వీరందరూ అధైర్యవంతులేనా? రెసిడెంటు వైద్యులచేత వారానికి 74 గంటలకు మించి పని చేయించరాదని, వారానికొక రోజు సెలవు ఇవ్వవలెనని అదే నివేదిక సిఫారసు చేసింది. 74 గంటలు కూడా తక్కువేమీ కాదని నా అభిప్రాయం.

2019 నుండి ఎం.బి.బి.ఎస్. చదువు ఆరంభంలోనే ఒత్తిడిని తట్టుకోవడం గురించి కూడా చెబుతున్నారు. మంచిదే. యోగాన్ని, ప్రాణాయామాన్ని నేను కాదనను, నేనూ చేస్తాను. కానీ రాత్రంతా వార్డులో నిలబడ్డ పిల్లకు తెల్లవారి ప్రాణాయామం నేర్పడంకన్న, ముందు పడుకోనివ్వడం మేలు కాదా? చికిత్స కోరితే పరువు పోతుందన్న భయం తీర్చవలసినది పెద్ద డాక్టర్లు. తాము పడిన పాట్లు పిల్లలూ పడవలెననే పట్టు వారిలో కొందరికి ఉన్నది. మా పంతుళ్ళలోనూ ఉండేది. బెత్తం దెబ్బలు తిన్నవాడే బెత్తం బాగా పట్టేవాడు.

మొన్న ఆమెకు ఫోను చేసి, "ఆనాడు తప్పుగా మాట్లాడాను తల్లీ" అన్నాను. 14416, టెలీమానస్ సంఖ్య, చెప్పాను. ఏ వేళనైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చును. వ్రాసుకొన్నది. చేసిందో లేదో అడగలేదు. ఆదివారం భోజనానికి వస్తానన్నది. ముందు గదిలో మంచం వేయించి ఉంచాను.