నెట్ రాకుంటే నేరం మనదేనా?



తిరుపతి, చిత్తూరు హాస్టళ్ళలో ఉండే యానాది, ఎరుకల, సుగాలి పిల్లోళ్ళం మనం. చానామంది ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కింది మనమే మొదట. అందుకేనేమో, మనకి ఏది అందకపోయినా తప్పు మన మీదకే వస్తాది. మా హాస్టల్లో ఇప్పుడు వంతు వైఫైది. "మీరు రీల్స్ చూస్తారు, అందుకే నెట్ రాదు" అని ఒక్క మాట అనేసి, రాత్రి తొమ్మిదికి ఆపేస్తా ఉండారు.

ఆ మాట తప్పని మా కంప్యూటర్ నెట్‌వర్క్స్ పాఠమే చెప్తాది.

మా హాస్టల్ మూడంతస్తులు. ఉండేది 120 మందిమి. రౌటర్ మాత్రం ఒకటే, కింద ఆఫీసు రూములో ఇనప బీరువా పక్కన. తీగతో కలిపితే ఒక్కో కంప్యూటర్ నుంచి ఒక్కో కేబుల్ స్విచ్‌కి పోతాది, అందాకా ఎవరి దారి వాళ్ళది. వైఫై అట్లా కాదు. ఒక ఛానెల్ మీద ఒకసారికి ఒకరే మాట్లాడాల, మిగతావాళ్ళు ఆగాల. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రెండు మాటలూ చెడిపోయి మళ్ళీ పంపాల. సిమెంటు శ్లాబులు దాటేసరికి సిగ్నల్ నీరసపడతాది. అప్పుడు ఆ ఫోను నిదానంగా మాట్లాడతాది, దాని వెనక అందరూ కాచుకోవాల. అంటే పై అంతస్తులో ఒకడు రీల్ జోలికే పోకుండా జ్ఞానభూమిలో స్కాలర్‌షిప్ కాగితాలు ఎక్కిస్తా ఉన్నా అందరికీ స్లో అవుతాది!

నిండు ట్యాంకుకి ఒకటే కొళాయి పెట్టి, 120 బిందెల వరస చూసి "మీకు దాహం ఎక్కువ" అన్నట్టు ఉండాది ఇది.

దీనికి మందు కూడా పాఠంలోనే ఉండాది. కింద ఒక స్విచ్. దాన్నుంచి అంతస్తుకొక కేబుల్. ఆ కేబుల్ కొసన ఒక యాక్సెస్ పాయింట్. మామూలు రాగి కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తాది, మూడంతస్తులకి అది చాలు. 2.4 గిగాహెర్ట్జ్‌లో మూడింటికీ 1, 6, 11 ఛానెళ్ళు ఇస్తే ఒకదానికొకటి అడ్డం రావు. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి, ఫైబర్ గ్రిడ్ తొలి దశని 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేత ప్రారంభం చేయించిన రాష్ట్రం మనది. మెట్ల పక్కన మూడు కేబుళ్ళు లాగేదానికి చేతకాదా?

రీల్స్ చూసేవాళ్ళే లేరా అంటారు. ఉండారు. టీవీ చూసే పిల్లోళ్ళు ప్రతి ఇంట్లో ఉండారు, దానికని ఇంటికి కరెంటు తీసేస్తారా? కేరళలో కోజికోడ్ జిల్లా కాలేజీ హాస్టల్లో సాయంత్రం 6 నుంచి 10 దాకా ఫోను వాడకూడదన్నారు. ఒప్పుకోలేదని ఒక అమ్మాయిని బయటికి పంపేసినారు. ఆ అమ్మాయి కోర్టుకి పోయింది. ఇంటర్నెట్ అందుకునే హక్కు చదువు హక్కులో, వ్యక్తిగత గోప్యత హక్కులో భాగమని 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు తీర్పు ఇచ్చింది, ఆమెని మళ్ళీ చేర్చుకోమనింది. అది మన రాష్ట్రం తీర్పు కాకపోయినా మన అర్జీలో రాసుకోదగ్గ మాట.

మాకు ఇది సరదా కాదు. పరీక్ష ఫీజు, హాల్ టికెట్, స్కాలర్‌షిప్, ఉద్యోగం దరఖాస్తు, అన్నీ ఆన్‌లైన్‌లోనే. గడువు రోజు నెట్ రాకుంటే నెట్ సెంటర్‌కి పోయి డబ్బులు కట్టాల. అది అమ్మానాయనా కూలి డబ్బు. కట్టలేనోడికి ఏడాది పోతాది.

అందుకే ఊరికే "నెట్ రాలేదు సార్" అనొద్దు. నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాసి, అందరం సంతకాలు పెట్టి అడుగుదాం. లైను స్పీడు ఎంత? రౌటర్లు ఎన్ని, యాడ పెట్టినారు? ఒక్కోదానికి ఎంతమంది? అంతస్తుకొక యాక్సెస్ పాయింట్ ఎప్పుడు పెడతారు?

మీ హాస్టల్లో కూడా ఈ లెక్క తీయండి. లెక్క మన చేతిలో ఉంటే నింద మన మీద నిలవదు.