వెళ్ళిపోయేవాళ్ళూ మొక్కలు నాటాలి

బదిలీ ఉద్యోగుల ఇళ్ళల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది: "ఎలాగూ వెళ్ళిపోతాం కదా!" గోడకు మేకు కొట్టాలన్నా, కిటికీలకు కొత్త పరదాలు కుట్టించాలన్నా, పెరట్లో ఒక పాదు తవ్వాలన్నా ఈ మాటే అడ్డొస్తుంది. మీలో చాలామంది ఈ మాటను రెండు మూడు ఊళ్ళలో, రెండు మూడు క్వార్టర్లలో విని ఉంటారు. మేకుల విషయంలో, పరదాల విషయంలో నాకు పేచీ లేదు. మొక్కల విషయంలో మాత్రం ఉంది. పన్నెండేళ్ళలో నాలుగు ఊళ్ళలో పెరడు పెంచాను. కొన్ని బతికాయి, చాలా పోయాయి. ఆ అనుభవంతోనే చెబుతున్నాను: అందరికంటే ముందు మొక్కలు నాటాల్సింది వెళ్ళిపోయేవాళ్ళే.

ఎందుకంటే ఆ మాట మొక్క దగ్గరే ఆగదు. ఎలాగూ వెళ్ళిపోతాం కాబట్టి పక్కింటివాళ్ళ భాష నేర్చుకోనక్కర్లేదు. ఎలాగూ వెళ్ళిపోతాం కాబట్టి కొత్త స్నేహితులు ఎందుకు? కొత్తగా చేరిన పిల్లలు కొందరు చివరి బెంచీలో కూర్చుని, ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ రైల్వే స్టేషన్లో బండి కోసం కూర్చున్నట్టే గడపడం ప్రతి బడిలోనూ చూశాను. మూడేళ్ళు పెద్దవాళ్ళకు చిన్న కాలం కావచ్చు. పదేళ్ళ పిల్లకు అది బతికిన కాలంలో దాదాపు మూడో వంతు. అంత కాలాన్ని ప్లాట్‌ఫారం మీద గడపడం న్యాయమా?

ఒక ఊరు మనకు త్వరగా పరిచయం కావాలంటే అక్కడి నేలలో చెయ్యి పెట్టడమే దగ్గరి దారి. నా మొదటి ఊరు జోధ్‌పూర్. అక్కడ ఏడాది పొడుగునా కురిసే వాన సుమారు 350 మిల్లీమీటర్లు. కోస్తా నుంచి వెళ్ళినదాన్ని కాబట్టి టమాటా, వంగ, బచ్చలి అన్నీ పెట్టాను. ఏప్రిల్ దాటేసరికి టమాటా మొక్క నిండా పూసింది, ఒక్క పిందె నిలవలేదు. పగటి ఎండ నలభై డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే టమాటా పూలు రాలిపోతాయి. ఎన్ని నీళ్ళు పోసినా అంతే. అదే పెరట్లో గోరుచిక్కుడు మాత్రం రెండు వానలు పడితే చాలు, గుత్తులు గుత్తులుగా కాసింది. దేశంలో గోరుచిక్కుడు అన్నిటికంటే ఎక్కువగా పండేది రాజస్థాన్‌లోనే. అక్కడివాళ్ళు 'గ్వార్ ఫలీ' అంటారు. పక్కింటి ఆంటీ ఎండబెట్టిన 'కాచరీ' తెచ్చి ఇచ్చింది. చూస్తే మన బుడమకాయకు దగ్గరి చుట్టం. ఆమె కూర చేసింది, నేను పచ్చడి చేశాను. గిన్నెలు గోడ దాటాయి. ఆ తర్వాతే మా రెండిళ్ళ మధ్య మాటలు మొదలయ్యాయి.

తర్వాత షిల్లాంగ్. జోధ్‌పూర్‌లో నీటి చుక్క కోసం లెక్కలు వేసిన మేము, ఏడాదికి 2000 మిల్లీమీటర్లు దాటి వాన కురిసే చోటికి వెళ్ళాం. సముద్ర మట్టానికి సుమారు 1500 మీటర్ల ఎత్తు. మునగ కొమ్మ నాటితే నీరు నిలిచి మొదలు కుళ్ళింది. మిరప నారు తడికి తెగులు పట్టి పోయింది. ఆ ఊళ్ళో గెలిచింది బెంగళూరు వంకాయ. కాయలో ఉండేది ఒకటే గింజ. ఆ గింజను విడిగా తీయరు. మొలక వచ్చిన కాయను కాయగానే మట్టిలో పడుకోబెడతారు. వెదురు పందిరి వేస్తే చాలు, తీగ దాన్ని కప్పేస్తుంది. మా తరగతిలోని నేపాలీ మాట్లాడే పిల్లలు దాన్ని 'ఇస్కుస్' అన్నారు. మిజోరం నుంచి వచ్చిన అమ్మాయి 'ఇస్కుట్' అంది. నేను బెంగళూరు వంకాయ అంటే అందరూ నవ్వారు. "టీచర్, ఇది మా ఊరిదే, బెంగళూరుది ఎలా అవుతుంది?" అన్నారు. నిజానికి అది వాళ్ళ ఊరిదీ కాదు, బెంగళూరుదీ కాదు. మెక్సికో వైపు నుంచి వచ్చింది.

ఇక్కడ కాసేపు ఆగుదాం. మన వంటింట్లో బదిలీ మీద వచ్చినవాళ్ళు ఎంతమంది ఉన్నారో చూడండి. మిరప లేని తెలుగువాళ్ళ భోజనం ఊహించగలమా? ఆ మిరప సుమారు 500 ఏళ్ళ క్రితం పోర్చుగీసు ఓడల్లో అమెరికా ఖండం నుంచి వచ్చింది. అంతకు ముందు మన కారం మిరియాలది. బంగాళాదుంప పేరులోనే బంగాళా ఉంది. అదీ అమెరికా ఖండం నుంచే వచ్చి, మనకు బెంగాల్ దుంపగా పరిచయమైంది. టమాటాను మన పల్లెల్లో పాతతరం వాళ్ళు రామములగ అనేవాళ్ళు. తెలంగాణ గుట్టల మీద తనంత తానే పెరిగే సీతాఫలం, ప్రతి పెరట్లోనూ ఉండే జామ, బొప్పాయి, చేలల్లోని మొక్కజొన్న, ఇవన్నీ సముద్రం దాటి వచ్చినవే. వీటిలో ఏదీ "ఇది నా ఊరు కాదు" అని కాయడం మానలేదు. మనవాళ్ళూ వాటిని పరాయివిగా చూడలేదు, సొంత పేర్లు పెట్టి పిలుచుకున్నారు.

అయితే వచ్చిన ప్రతి మొక్కా ప్రతి చోటా బతుకుతుందని కాదు. దానికి గోంగూరే సాక్ష్యం. మా నాలుగో ఊరు అంబాలాకు సెప్టెంబరులో చేరాం. చేరగానే గోంగూర గింజలు చల్లాం. బాగా మొలిచింది. కానీ జానెడు ఎత్తు పెరగ్గానే పూలు పూసింది. కోయడానికి ఆకు లేదు. కారణం ఏమిటంటే, గోంగూర పగటి పొడవును బట్టి నడిచే మొక్క. పగళ్ళు పొడుగ్గా ఉన్నంత కాలం ఆకులు వేస్తుంది. పగళ్ళు కురచ కాగానే ఎంత చిన్నదైనా పూతకు వస్తుంది. ఆపైన ఉత్తరాది చలి ఒకటి, మంచు పడితే నిలవదు. మరుసటి ఏడు ఏప్రిల్ చివర చల్లితే దసరా దాకా కోసుకున్నాం. అదే నేలలో చలికాలమంతా మెంతికూర, పాలకూర, బఠానీ, ఆవాలు విరగబడి వచ్చాయి. అంటే అంబాలా మనకు ఆరు నెలలు గోంగూర పెడుతుంది, మిగతా ఆరు నెలలు తన ఆకుకూర తినమంటుంది. ఈ బేరం నాకు నచ్చింది.

అందుకే కొత్త ఊరికి వెళ్ళి అక్కడ అచ్చంగా మన ఊరి పెరడునే కట్టాలనుకోవడం నా దృష్టిలో సరికాదు. అలాగని మన మొక్కలన్నీ వదిలేసుకోవడమూ సరికాదు. సగం మనవి, సగం ఆ ఊరివి. ఇదే నేను పాటించే లెక్క. తమాషా ఏమిటంటే, మనవి అనుకున్నవి చాలా చోట్ల ముందే ఉంటాయి. నాగ్‌పూర్ సంతలో గోంగూర కట్ట చూసి సంబరపడితే, అమ్మే ఆవిడ "అంబాడీ" అంది. అస్సాంలో దాన్నే టెంగామోరా అంటారు, టెంగా అంటే పులుపు. తమిళంలో పుళిచ్చకీరై, అంటే పుల్లకూర. మిజోలో అంథుర్, అదీ పుల్లకూరే. మణిపురీలో సౌగ్రి, కన్నడంలో పుండి. ఇన్ని భాషల వాళ్ళు ఒకే ఆకు కొరికి ఒకేలా కళ్ళు మూసుకున్నారన్నమాట! తీగ బచ్చలి బెంగాల్లో, ఒడిశాలో పుంయి, పోయి. మునగ హిందీలో సహజన్. కరివేపాకు ఉత్తరాదిలో మీఠా నీమ్. ఈ పేర్లు తెలిసిన పిల్లలకు ఏ ఊరి సంతా పూర్తిగా కొత్తగా అనిపించదు.

మీ అభ్యంతరాలు నాకు తెలుసు. మొదటిది, "మేం మూడో అంతస్తులో ఉంటాం, నేల లేదు." అడుగున చిల్లులు పెట్టిన పాత బకెట్ చాలు. మెంతి, కొత్తిమీర, పుదీనా, ఒక మిరప మొక్క అందులో వస్తాయి. రెండోది, "నీళ్ళు లేవు." బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్ళు ఒక చిన్న బాల్కనీకి సరిపోతాయి. జోధ్‌పూర్‌లో మేం మూడేళ్ళూ చేసింది అదే.

మూడో అభ్యంతరం అన్నిటికంటే గట్టిది. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె అడిగింది: "టీచర్, పెంచాక వదిలేసి వెళ్ళాలి కదా, అప్పుడు బాధగా ఉండదా?" ఉంటుంది. ఉండదని చెబితే అబద్ధమవుతుంది. నాగ్‌పూర్ నల్లరేగడిలో కరివేపను బతికించడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఆ మట్టి వానకు బంకలా పట్టేస్తుంది, ఎండకు చెయ్యి దూరేంతగా బీటలు వారుతుంది. మట్టిని ఎత్తుగా పోసి, దిబ్బ మీద నాటితేనే నిలిచింది. మేం వచ్చేసిన కొన్ని నెలలకే, స్కూటర్ పెట్టుకోవడానికి అడ్డుగా ఉందని దాన్ని కొట్టేశారని పక్కింటివాళ్ళు ఫోన్లో చెప్పారు. ఆ రోజు అన్నం సహించలేదు. కానీ అదే క్వార్టర్లో మేం నాలుగేళ్ళు తిన్న జామకాయలు ఎవరు నాటిన చెట్టువి? మాకు తెలియదు. వాళ్ళు ఏ రాష్ట్రం వాళ్ళో, ఏ భాష వాళ్ళో కూడా తెలియదు. "ఎలాగూ వెళ్ళిపోతాం" అని వాళ్ళూ అనుకుని ఉంటే మా పిల్లలకు ఆ చెట్టు ఎక్కడం వచ్చేది కాదు. ఆ జామ, ఈ కరివేప, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, బాధ ఉన్నా నాటడమే లాభమని నాకు తేలింది.

కాబట్టి ఉండబోయే కాలాన్ని బట్టి నాటండి. చేరిన వారంలోనే తోటకూర, మెంతికూర చల్లండి. నెల రోజుల్లో కోయవచ్చు. పెట్టెలు పూర్తిగా విప్పేలోపే ఆ ఊరు మీకు అన్నంలోకి కూర పెట్టేస్తుంది. ఆ వెంటనే ఏడాదిలోపు కాసేవి పెట్టండి: బెండ, సొర, చిక్కుడు, బొప్పాయి. మూడోది ఒక్కటే ఒక్క చెట్టు: జామ అంటో, నిమ్మో, మునగో, ఆ నేలకు సరిపడేది. దాని కాయలు మీరు తినవచ్చు, తినకపోవచ్చు. అది తర్వాత వచ్చేవాళ్ళ వాటా.

వెళ్ళేటప్పుడు విత్తనాలు తీసుకెళ్ళండి, మట్టి వద్దు. మట్టితో పురుగులూ తెగుళ్ళూ కూడా ప్రయాణం చేస్తాయి. బాగా ఆరిన గింజలను కాగితపు కవర్లో పోసి, పైన మొక్క పేరు, ఊరి పేరు, తేదీ రాయండి. టమాటా, సొర గింజలు మూడు నాలుగేళ్ళు ఆగుతాయి. ఉల్లి గింజ ఏడాది రెండేళ్ళకే శక్తి కోల్పోతుంది. కరివేప గింజను దాచడం కుదరదు, నల్లగా పండిన పండు గుజ్జు తీసి వెంటనే విత్తాల్సిందే. నా దగ్గర ఇప్పుడు జోధ్‌పూర్ గోరుచిక్కుడు, నాగ్‌పూర్ అంబాడీ ఒకే డబ్బాలో ఉన్నాయి. ఏటా విత్తి, ఏటా కొత్త గింజ కట్టుకుంటున్నాను.

చివరగా ఒక ప్రతిపాదన. క్వార్టర్ అప్పగించేటప్పుడు ఒక జాబితా రాస్తారు, మీరు చూసే ఉంటారు. ఫ్యాన్లు ఎన్ని, కుళాయిలు ఎన్ని, తలుపు గడియలు పనిచేస్తున్నాయా, కిటికీ అద్దం పగిలిందా, అన్నీ లెక్కపెట్టి సంతకాలు చేస్తారు. ఆ జాబితాలో మొక్కలు ఉండవు. అందుకే స్కూటర్‌కు అడ్డమొచ్చిన మొక్క ఏమిటో కొత్తవాళ్ళకు తెలియదు. పెద్దవాళ్ళ జాబితా మారే దాకా ఆగనక్కర్లేదు. ఆ పని మీరే చేయండి. నోటుబుక్కులోంచి ఒక పేజీ చింపి రాయండి: ఏ మూల ఏ మొక్క ఉంది, దాన్ని మీ భాషలో ఏమంటారు, ఆ ఊరి భాషలో ఏమంటారు, ఎప్పుడు నాటారు, ఎన్నాళ్ళకోసారి నీళ్ళు పోయాలి, ఏ నెలలో కాస్తుంది, ఏది ఆ నేలలో బతకలేదు. పోయిన మొక్కల సంగతి తప్పకుండా రాయండి. తర్వాత వచ్చేవాళ్ళకు ఒక ఏడాది శ్రమ మిగులుతుంది. తెలుగులోనూ, హిందీలోనూ రాస్తే ఇంకా మంచిది. ఎవరు వస్తారో మనకు తెలియదు కదా. ఆ కాగితాన్ని వంటింటి అలమర తలుపు లోపలివైపు అంటించండి.

ఈ మార్చిలో బదిలీ ఉత్తర్వుల కోసం చూసే ఇళ్ళు మన బడిలోనే చాలా ఉంటాయి. ఆ పిల్లలు ఇప్పుడే ఆ పేజీ మొదలుపెట్టవచ్చు. రాయడానికి మొక్కలేమీ లేవనిపిస్తే, మెంతులు వంటింటి డబ్బాలోనే ఉంటాయి. గుప్పెడు తీసుకుని ఈ సాయంత్రమే చల్లండి.