నత్తి ఉన్న బిడ్డ మాట పూర్తయ్యేదాకా ఆగుదాం

ఈ నెల 22న అంతర్జాతీయ నత్తి అవగాహన దినం. 1998 నుంచి ఏటా అక్టోబరులో జరుగుతోంది. ఆండర్సన్‌పేటలో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, మన సంఘం కూడా. ఈసారి రాయవలసి వచ్చింది.

గడిచిన ఉగాదికి మేము పెట్టిన పద్యాల పోటీలో ఎనిమిదేళ్ల పిల్లవాడొకడు మైకు ముందు మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాడు. మూడుసార్లు ప్రయత్నించాడు. వెనక వరసల్లో నవ్వులు. రెండు నిమిషాలు కాగానే నిబంధన ప్రకారం గంట కొట్టించాము. దిగిపోయాడు. అదే పద్యం ముందురోజు బడిలో అందరితో కలిసి గడగడా చెప్పాడని వాళ్ల అవ్వ అంటే, "అయితే సభాభయం లెండి" అని తేల్చేశాము. తప్పు మాది. నత్తి ఉన్నవాళ్లలో చాలామంది పాడేటప్పుడు, నలుగురితో గొంతు కలిపేటప్పుడు తడబడరు. ఒక్కరే చెప్పవలసి వస్తే మాట పట్టేస్తుంది. ఇది తెలియకే కొన్ని బళ్లలో "నాటకాలాడుతున్నావా" అని మందలిస్తారు.

నత్తి సాధారణంగా రెండు నుంచి ఐదేళ్ల మధ్య మొదలవుతుంది. 100 మంది పిల్లల్లో సుమారు 5 మందికి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఎక్కువమందికి పోతుంది, 100కు ఒకరికి పెద్దయ్యాకా మిగులుతుంది. అలా మిగిలేది మగపిల్లల్లో ఎక్కువ. కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా ఉంటుంది. నాలుక మందమైనందుకో, పెంపకం చెడినందుకో వచ్చేది కాదు. వసకొమ్ము నాకిస్తే పోదు. నాలుక కింద గులకరాయి పెట్టడం మరీ ప్రమాదం, గొంతులో పడితే ప్రాణం మీదికి వస్తుంది.

మన ఊళ్లో ఇంకో మాట వింటాం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో కన్నడం, ఇంగ్లీషు, ఇన్ని కలిసినందుకే నోరు తిరగలేదని. గనుల కాలం నుంచీ కేజీఎఫ్‌లో జనం మూడు నాలుగు భాషలు మాట్లాడుతూనే ఉన్నారు. ఎక్కువ భాషల వల్ల నత్తి వస్తుందని రుజువు లేదు. అయినా భయపడిన తల్లిదండ్రులు ముందు మానిపించేది తెలుగునే. సంఘం వాళ్లు కనుక తెలుగు కోసం చెబుతున్నారని అనుకోవద్దు. 2001లో గనులు మూతపడ్డాక అమ్మానాన్నలు తెల్లవారకముందే బెంగళూరు రైలెక్కే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అలాంటి ఇంట్లో పగలంతా బిడ్డతో ఉండేది అవ్వాతాతలే. వాళ్ల భాష తీసేస్తే ఆ బిడ్డ ఎవరితో మాట్లాడాలి?

ప్రభుత్వ పథకాల సంగతి చూద్దాం. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో వినికిడి లోపం ఉంది, భాష ఆలస్యంగా రావడం ఉంది, నత్తి పేరు లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మాట, భాషా వైకల్యం ఉంది కానీ అది శాశ్వత వైకల్యాన్ని ఉద్దేశించింది, అందులోనూ నత్తి అని రాయలేదు. కాగితం మీద ఇది చిన్న సమస్య. "నత్తోడా" అని పిలిపించుకునేవాడికి కాదు.

చికిత్స ఉంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో వాక్, శ్రవణ విభాగం ఉంది, మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది. కానీ ఒక్కరోజుతో అయ్యేది కాదు. మళ్లీ మళ్లీ వెళ్లాలి, వెళ్లిన రోజు కూలి పోతుంది. నత్తి ఆరు నెలలు దాటినా, మాట కోసం బిడ్డ ముఖం బిగిస్తున్నా, కొన్ని మాటలు తప్పించుకుంటున్నా ఆలస్యం చేయకండి.

ఇంట్లో చేయవలసింది తక్కువే, చేయడమే కష్టం. బిడ్డ ఆగినప్పుడు మనం ఆ మాట అందించకూడదు. "నిదానంగా చెప్పు" అనీ అనకూడదు. ముఖం చూస్తూ ఆగాలి. టీచర్లకు ఒక మనవి: హాజరు పిలిచేటప్పుడు ఆ ఒక్క "ప్రెజెంట్ సార్" కోసం పొద్దున్నుంచి వణికే పిల్లలుంటారు. చెయ్యెత్తితే చాలదా? నవంబరు 1 రాజ్యోత్సవానికి బళ్లలో ఉపన్యాస పోటీలుంటాయి, అక్కడా కాస్త చూడండి.

వచ్చే ఉగాది పోటీలో గంట ఉండదు. ఒక్కరుగా చెబుతారో, జతగా చెబుతారో పిల్లల ఇష్టం. బెంగళూరు వెళ్లదలచిన కుటుంబాలు మాతో చెబితే ఒకే రోజున కలిసి వెళ్లే ఏర్పాటు చేస్తాము, సంఘం నుంచి ఒకరు తోడు వస్తారు. పిల్లల పేర్లు బయట పెట్టము. ఆ పిల్లవాడి ఇంటికి కిందటి ఆదివారం వెళ్లి క్షమించమన్నాము. అవ్వ కాఫీ ఇచ్చింది. వాడు మాత్రం తలుపు వెనకనుంచి రాలేదు.