నెట్ ప్లాన్ కాదు, ముందు కేబుల్ చూడండి
ఇంట్లో సర్వర్‌కి పెద్ద ఫైల్స్ మెల్లగా కాపీ అవుతుంటే చాలామంది నెట్ ప్లాన్ పెంచేస్తారు. నన్నడిగితే అది దండగ ఖర్చు. ఇంట్లో కాపీకి ఇంటర్నెట్‌తో పనే లేదు.

కరీంనగర్‌లో మా ఇంట్లో 40 జీబీ పెళ్లి వీడియో షేర్డ్ ఫోల్డర్‌లో వేస్తే గంట పట్టింది. స్పీడ్ సెకనుకు 11 ఎంబీ దాటలే. చూస్తే కేబుల్‌లో ఎనిమిది వైర్లకు నాలుగే కలిపారు. అంటే 100 ఎంబీపీఎస్సే! రౌటర్, సర్వర్ పోర్టులు గిగాబిట్‌వే కాబట్టి, క్యాట్6 మార్చగానే ఏడు నిమిషాల్లో అయిపోయింది.

మధ్యలో కరెంటు పోతే? విండోస్‌లో రోబోకాపీకి స్లాష్ జెడ్ పెట్టండి, ఆగిన దగ్గర్నుంచే మొదలైతది. కార్డు ఫార్మాట్ చేసేముందు సర్వర్‌లోని వీడియో ఒకసారి చివరిదాకా తెరిచి చూడండి. పెళ్లి మళ్లీ చేయలేం కదా!