దిబ్బ లేని ఇల్లు, సత్తువ లేని చేను

పెద్దముడియం మండలంలో నల్లరేగడి చేను ఉన్న రైతును ఏం పైరు పెట్టావని అడగనక్కరలేదు. పప్పుశనగే. నిరుడూ పప్పుశనగ, అంతకు ముందూ పప్పుశనగ, వచ్చే హింగారుకూ పప్పుశనగే. అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. ఇంటి వెనక దిబ్బ ఉందా? పేడ, కసువు, చొప్ప తుంటలు, బూడిద కలిసి ఏడాదంతా మాగిన ఎరువు దిబ్బ ఉందా? చాలా ఇళ్లలో లేదు. దిబ్బ ఉండాలంటే కొట్టంలో గొడ్డు ఉండాలి. గొడ్డు ఉండాలంటే వామి ఉండాలి. వామి ఉండాలంటే చేన్లో జొన్నో కొర్రో పండాలి. ఆ మూడూ పోయాక మిగిలింది ట్రాక్టరు బాడుగ, ఎరువుల అంగడి బాకీ, ఏటేటా ఎండు తెగులు.

మన పాలకులకు ఇది సమస్యగా కూడా కనపడదు. వాళ్ల లెక్కలో పైరు వ్యవసాయ శాఖది, గొడ్డు పశుసంవర్ధక శాఖది. ఒక శాఖ అధికారి చేను గట్టు మీద నిలబడి మాట్లాడి పోతాడు, ఇంకో శాఖ డాక్టరు కొట్టంలో సూది వేసి పోతాడు. చేనూ కొట్టమూ ఒకే రైతువని, ఒకటి కూలితే రెండోది నిలవదని చెప్పే ఆఫీసు ఈ రాష్ట్రంలో లేదు.

పెద్దముడియం అనామకమైన ఊరు కాదు. చాళుక్యుల వంశ కథలో వచ్చే ముడివేము అగ్రహారం ఇదేనని చరిత్రకారులు చెబుతారు. ఇక్కడ దొరికిన పురాతన శిల్పఫలకం దేశంలోని శిల్ప చరిత్రకారులందరికీ తెలుసు. రేనాటి గడ్డ ఇది. తెలుగు శాసనాల్లో అతి పాతదని చెప్పే కలమళ్ల శాసనం పుట్టింది ఈ ప్రాంతంలోనే. అంత పాత నాగరికత ఊరికే మొలవలేదు. నీళ్లు తాగి నెలల తరబడి పదును దాచుకునే నల్లరేగడి ఉంది కాబట్టి, పక్కన కుందూ పారుతుంది కాబట్టి మొలిచింది.

ఆ రేగడిని దున్నడం ఆషామాషీ పని కాదు. తడిస్తే బంక, ఎండితే బండ. అందుకే ఇక్కడి రైతు బలమైన కోడెలను తెచ్చుకునేవాడు. మడక, గుంటక, గొర్రు, దంతి అన్నీ ఎద్దు మెడ మీదనే నడిచేవి. ముంగారులో కొర్ర, పత్తి కలిపి వేసేవాళ్లు. హింగారులో జొన్న, కుసుమ, ధనియాలు, కొద్దిగా పప్పుశనగ. జొన్న గింజ మనిషికి సంగటి, రొట్టె. చొప్ప ఎద్దుకు, ఎనుముకు. కోతలయ్యాక గొర్రెల మంద చేన్లో రాత్రులు పడుకునేది, మందకాపరికి గింజలు కొలిచేవాళ్లు. అప్పుడు అంతా బంగారమేనని మేము అనడం లేదు. కరువొస్తే గొడ్లను సంతకు తోలిన ఇళ్లు, గంజికి కూడా లేని ఇళ్లు ఈ సీమలో లెక్కలేనన్ని. కానీ ఆ సేద్యంలో ఒక లెక్క ఉండేది. చేను నుంచి తీసుకున్నదాంట్లో కొంత దిబ్బ ద్వారా చేనుకే తిరిగి పోయేది.

పప్పుశనగ వచ్చాక ఈ లెక్క మారింది. దాన్ని తిట్టడం మా ఉద్దేశం కాదు. 1999లో విడుదలైన జె.జి.11 రకం నూరు రోజుల లోపే చేతికొచ్చింది. ఎండు తెగులును తట్టుకుంది. వాన లేకపోయినా భూమిలో ఉన్న పదునుతో, మంచుతో పండింది. ఇక్రిశాట్, జబల్పూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు తయారుచేసిన ఈ రకాన్ని కడప, కర్నూలు, అనంతపురం, ప్రకాశం జిల్లాల రైతులు రెండు చేతులా అందుకున్నారు. 1990ల మొదట్లో లక్ష హెక్టార్లకు అటూ ఇటూగా ఉన్న ఆంధ్రప్రదేశ్ శనగ సాగు 2010 నాటికి ఆరు లక్షల హెక్టార్ల దరిదాపుల్లోకి పోయింది. పిల్లల ఇంజనీరింగు ఫీజులు కట్టింది, ఆడపిల్లల పెళ్లిళ్లు చేసింది ఈ శనగే. ఈ పత్రిక చదివే ఉద్యోగుల్లో చాలామంది చదువుల వెనక ఆ మూటలున్నాయి.

కానీ ఒకే పైరు మీద ఊరికి ఊరు వాలిపోతే ఏమవుతుందో కూడా మనమే చూశాం. 2014లో పప్పుశనగ మద్దతు ధర క్వింటాలుకు 3,100 రూపాయలు. మార్కెట్లో అదీ పలకలేదు. రైతులు సరుకును గోదాముల్లో పెట్టి, దాని మీద బ్యాంకులో అప్పు తెచ్చి, రేటు కోసం కళ్లు కాయలు కాచేలా చూశారు. 2016లో తొమ్మిది వేలు దాటింది, అప్పటికే చాలామంది అమ్ముకున్నారు. 2018లో మళ్లీ మద్దతు ధర కిందికి పడింది. 2024 మే నెలలో కేంద్రం శనగ దిగుమతి సుంకం మొత్తం ఎత్తేసింది. ఆస్ట్రేలియా శనగ ఓడల్లో దిగింది. 2025 ఏప్రిల్ నుంచి పది శాతం సుంకం వేశారు. పెద్దముడియం రైతు రేటు ఢిల్లీలో ఒక కాగితం మీద సంతకంతో మారిపోతుంది. ఇంట్లో రెండు ఎనుములో, ఇరవై గొర్రెలో ఉన్న రైతు ఆ దెబ్బకు కొంతైనా తట్టుకుంటాడు. పాలు పోసుకుంటాడు, పొట్టేలు అమ్ముకుంటాడు. శనగ ఒక్కటే ఉన్నవాడికి ఆ ఆసరా కూడా లేదు.

ఇక భూమి సంగతి. శనగ వేళ్ల బుడిపెలు గాలిలోని నత్రజనిని భూమిలో నిలుపుతాయి, నిజమే. అదొక్కటే చాలదు. ఏటేటా అదే చేన్లో అదే పైరు వేస్తే ఎండు తెగులు, వేరుకుళ్లు శిలీంద్రాలు భూమిలోనే కాపురం పెడతాయి. వాటికి వ్యవసాయ శాఖ చెప్పే మందు ఏమిటో తెలుసా? 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా పొడి కలిపి మాగబెట్టి ఎకరాకు చల్లుకోమని. సలహా మంచిదే. ట్రైకోడెర్మా అంగట్లో దొరుకుతుంది, వేపపిండి దొరుకుతుంది. పశువుల ఎరువు ఎక్కడ దొరుకుతుంది? ఒక్క ఎద్దు రోజుకు పది కిలోల దాకా పేడ వేస్తుంది. ఆ ఎద్దు ఇప్పుడు తిరునాళ్లలో బండలాగుడు పోటీల్లోనే కనపడుతుంది. లక్షలు పోసి పెంచే షోకు జత మిగిలింది, సేద్యం జత పోయింది.

శనగ పైరుతో ఇంకో చిక్కుంది. దాని ఆకు మీద పులుసు ఉంటుంది. రాత్రిపూట పైరు మీద గుడ్డ పరిచి, మంచుతో తడిసిన ఆ పులుసును పిండి దాచుకునేవాళ్లు మన పెద్దలు. ఆ పచ్చి ఆకును గొడ్డు ముట్టదు. శనగ పొట్టు మేతకు పనికొస్తుంది గానీ జొన్న చొప్పకు సాటి రాదు. పైగా ఇప్పుడు యంత్రంతో కోసే చేన్లలో ఆ పొట్టు కూడా చాలావరకు చేన్లోనే చెదిరిపోతుంది. కూలీలు దొరకని రోజుల్లో యంత్రం తప్పు అనలేం. నంద్యాల పరిశోధనా స్థానం వాళ్లు యంత్రం కోతకు వీలుగా ఎత్తు పెరిగే ఎన్‌బిఇజి 47 రకం ఇచ్చారు, రైతుకు మేలే చేశారు. మేత మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

మరి దారి లేదా? ఉంది, దగ్గర్లోనే ఉంది. ఆ నంద్యాల పరిశోధనా స్థానమే సూర్యనంది వంటి కొర్ర రకాలు తయారుచేసింది. తక్కువ రోజుల పంట. జూన్ చివర్లోనో జూలైలోనో పదును చూసి కొర్ర విత్తితే అక్టోబరు నాటికి చేను ఖాళీ అవుతుంది, అందులోనే పప్పుశనగ వేసుకోవచ్చు. శనగ పోకుండానే ముంగారులో బీడు పడే రేగడి ఒక గింజ పంట, ఒక మేత పంట ఇస్తుంది. కొర్ర గడ్డిని గొడ్లు ఇష్టంగా తింటాయి. రెండు మూడేళ్లకొకసారి హింగారులో శనగ మాని నంద్యాల తెల్లజొన్న వేస్తే వామి నిండుతుంది, భూమిలో తెగులుకు ఎడం దొరుకుతుంది. ఇవి కొత్త సంగతులు కావు. ఆ స్థానం 1906 నుంచి పనిచేస్తోంది.

రైతు ఎందుకు వేయడంటారా? కొర్రకు ధర లేదు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటిస్తే ఢిల్లీలో విందులు జరిగాయి, ఉపన్యాసాలు జరిగాయి. జొన్న, సజ్జ, రాగులకు మద్దతు ధర ఉంది. కొర్రకు కేంద్రం మద్దతు ధర ఇప్పటికీ లేదు. పట్నంలో అంగట్లో కొర్ర బియ్యం కొనే ఉద్యోగ సోదరులు ఆ రేటులో రైతుకు చేరేది ఎంతో ఒకసారి విచారించాలి.

గొర్రెల సంగతి కొంచెం వేరు. 2019 పశుగణనలో ఆంధ్రప్రదేశ్ గొర్రెలు 1.76 కోట్లు, దేశంలో తెలంగాణ తర్వాత మనదే స్థానం. అందులో రాయలసీమ వాటా చిన్నది కాదు. అంటే మన దగ్గర దిబ్బ పోయినా మంద పోలేదు. మందను చేనుతో కలపడమే మిగిలింది. కోతలయ్యాక మంద పెట్టించుకోవడానికి రైతు డబ్బులిస్తున్నాడు, కాపరి వస్తున్నాడు. ఈ పనికి ప్రభుత్వం చేయగలిగింది పెద్దదేమీ కాదు. వానకాలం చివర్లో నీలినాలుక రాకముందే టీకాలు పడాలి. తొలకరి పచ్చిక మొలవకముందే చిటుకు రోగానికి టీకా పడాలి. రేగడి బురదలో కాళ్ల పుండ్లు పడే రోజుల్లో మందు ఊళ్లోనే దొరకాలి. టీకా సకాలంలో రాకపోతే ఆ నష్టం ఏ పత్రికకూ ఎక్కదు. కాపరి చచ్చిన గొర్రెలను పూడ్చి ముందుకు పోతాడు.

ఇప్పుడు సంస్థల గురించి. సీమ నుంచి ముఖ్యమంత్రులకు కొదవ లేదు, శంకుస్థాపనలకూ కొదవ లేదు. పులివెందులలో వందల ఎకరాల్లో ఇందిరాగాంధీ పేరుతో పశు పరిశోధన కేంద్రం కట్టారు. కట్టాక ఏళ్ల తరబడి భవనాలు ఊరికే నిలబడ్డాయి. 2021లో పేరు మార్చి ప్రైవేటు కంపెనీలకు చోటు చూపించారు. ఇన్నేళ్లలో జమ్మలమడుగు తాలూకా కాపరికి అక్కడి నుంచి ఒక్క పొట్టేలు జాతి గానీ, ఒక్క మేత విత్తనం గానీ అందిందా? 2008లో ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల వచ్చింది. మంచిదే, మన పిల్లలు డాక్టర్లవుతున్నారు. ఆ విద్యార్థులను ఏటా పదిహేను రోజులు పెద్దముడియం, రాజుపాళెం, మైలవరం ఊళ్లలో మందల వెంట తిప్పితే వాళ్లకు చదువు, కాపరికి వైద్యం. దీనికి కోట్లు అక్కర్లేదు.

2014లో రాష్ట్రం విడిపోయాక వ్యవసాయ విశ్వవిద్యాలయం రాజేంద్రనగర్ నుంచి గుంటూరు దగ్గర లాంకు పోయింది. మెట్ట సేద్యం సీమది, విశ్వవిద్యాలయం డెల్టా పక్కన. నంద్యాల స్థానం భూముల్లోనే 50 ఎకరాలు వైద్య కళాశాలకు కేటాయించారు. వద్దని రైతులు రోడ్డెక్కారు. నంద్యాలకు వైద్య కళాశాల రావాల్సిందే, దాన్ని మేము కాదనలేదు. దానికి వేరే భూమి దొరకలేదా? నూరేళ్లకు పైగా విత్తనం పరీక్షించిన పొలం ఒకసారి పోతే తిరిగి రాదు.

నీళ్ల మాట ఎత్తకుండా ఈ సంపాదకీయం ముగించలేం. కుందూ వరదొచ్చినప్పుడు మండలంలో ఊళ్లకు రాకపోకలు ఆగుతాయి. 2019 సెప్టెంబరులో అదే జరిగింది, గొడ్ల కొట్టాల్లోకి నీళ్లొచ్చాయి. నాలుగు నెలలు తిరక్కముందే అదే చేలు ఒక తడి కోసం ఆకాశం చూస్తాయి. కుందూ మీద రాజోలి, జొలదరాశి రిజర్వాయర్లకు 2019 డిసెంబరులో శంకుస్థాపన చేశారు. వరద నీళ్లు కొంతైనా నిలిపితే మేత పంటకు ఒక తడి చాలు. ఒక తడి అంటే ఊరికే అనడం లేదు. శనగకు పూతకు ముందు, జొన్నకు పొట్ట దశలో ఒక్క తడి దొరికితే దిగుబడిలో తేడా ఏమిటో రేగడి రైతు ఎవరైనా చెబుతాడు. 39.9 టీఎంసీల కేటాయింపున్న కె.సి. కాలువకే ఏటా నీళ్ల కోసం ధర్నా చేయాల్సి వస్తున్నప్పుడు, కాలువ లేని రేగడి రైతు ఎవరిని అడగాలి? శ్రీబాగ్ ఒడంబడిక 1937లో రాసుకున్నప్పటి నుంచీ ఈ ప్రశ్న అలాగే ఉంది.

వచ్చే హింగారు విత్తేలోగా మేము అడిగేవి ఇవే. విత్తన రాయితీ ఇచ్చేటప్పుడు శనగతో పాటు కొర్ర, జొన్న విత్తనం కూడా మండల కేంద్రంలో ఉంచండి. కొర్రకు రాష్ట్రమే ధర ప్రకటించి కొనండి. మంద పెట్టించుకున్న రైతుకు ఎరువుల రాయితీలో వాటా ఇవ్వండి. యూరియాకు వేల కోట్లు ఇచ్చే ప్రభుత్వాలకు గొర్రె పెంటికకు నాలుగు రూపాయలు ఇవ్వడం భారం కాదు. టీకాల తేదీలు ముందుగానే ఊళ్లో చాటింపు వేయించండి.

దసరా సెలవులకు ఊళ్లకు పోయే విద్యార్థులను, ఉద్యోగులను ఒక పని అడుగుతున్నాం. మీ ఊర్లో ఎన్ని ఇళ్లకు దిబ్బ ఉంది, ఎన్ని కాడెద్దులున్నాయి, పదేళ్ల కింద ఎన్ని ఉండేవి, ఈ ఏడు మందకు టీకా పడిందా లేదా, పెద్దలను అడిగి రాసుకోండి. ఊరి పేరుతో మాకు పంపండి. వచ్చిన లెక్కలన్నీ ఈ పేజీలోనే అచ్చు వేస్తాం. ఆ కాగితాలు పట్టుకుని జమ్మలమడుగు ఆర్డీఓ ఆఫీసుకు మీతో పాటు మేమూ వస్తాం.