వీథిపాలు కాకముందే

ఇల్లు కాలుచుండగా నూయి త్రవ్వువానిని చూచి లోకము నవ్వును. నిలువ నీడ కోల్పోవుచున్న వారి విషయమున మన పురపాలక సంఘములు అవలంబించుచున్న పద్ధతి ఇంతకంటె భిన్నమైనది కాదు.

కొంతకాలము క్రిందట ఒక ఇల్లాలు మాకడకు వచ్చెను. భర్త లేడు, చదువుకొను బిడ్డలిద్దరు. తెల్లవారుజామున ఇడ్లీలమ్మి అద్దె చెల్లించుచున్నది. ఇల్లు అమ్మివేసితినని, నెలలోపల ఖాళీ చేయవలెనని యజమాని చెప్పినాడట. ఆమెను వెంటబెట్టుకొని పురపాలక కార్యాలయమునకు పోతిమి. అచ్చటి ఉద్యోగి మర్యాదగానే మాటలాడెను. "ఇప్పుడీమెకు ఇల్లున్నది గదా! వీథిని పడిన పిమ్మట రండు, ఆశ్రయ గృహమున చోటుండిన చూతము" అనెను. దోషము ఆ ఉద్యోగిది కాదు. ఆతని చేతికిచ్చిన నియమములది.

ఇంగ్లండు దేశమున ఈ ప్రశ్నకు వేరు సమాధానము కలదు. ఇల్లులేనివారిలో కొన్ని తరగతుల వారికి వసతి చూపు విధిని అచ్చటి స్థానిక కౌన్సిళ్ళపై 1977 వ సంవత్సరపు చట్టము మోపెను. 2017 లో చేయబడి 2018 ఏప్రిలులో అమలునకు వచ్చిన చట్టము మరియొక యడుగు ముందునకు వేసెను. 56 దినములలోపల ఇల్లు పోవునను భయము కలిగిన అర్హుడు దరఖాస్తు చేసుకొనవచ్చును. కౌన్సిలు ఆతని స్థితిని విచారించి, ఏమి చేయవలసినదో వ్రాతమూలకముగా నిర్ణయించి, ఉన్న యిల్లు నిలుపుటకో వేరొకటి దొరకుటకో తగిన యత్నము చేయవలెను. ఇల్లు పోయిన పక్షమున గర్భిణులకును, బిడ్డలు గలవారికిని, వార్ధక్యముచేతనో వ్యాధిచేతనో దుర్బలులైన వారికిని విచారణ ముగియువరకు తాత్కాలిక వసతి యీయవలెను. తుది నిర్ణయము వ్రాసి యీయవలెను. అది అన్యాయమని తోచినవాడు 21 దినములలోపల పునర్విచారణ కోరవచ్చును.

అచ్చట స్వర్గము దిగివచ్చినదని మేము చెప్పుట లేదు. తాత్కాలిక వసతులలోనే లక్షకు మించిన కుటుంబములు కాలము గడుపుచున్నవి. ఒంటరియైన ఆరోగ్యవంతునకు సలహాయే గాని గది దొరకుట అరుదు. స్కాట్లండు ఈ భేదమును 2012 చివరనే తొలగించినది, ఇంగ్లండు తొలగింపలేదు. చదువులకై అచ్చటికేగిన మన తెలుగు విద్యార్థులకు వీసా షరతులవలన ఈ వసతి వర్తింపదు. కౌన్సిలు ఉచితముగ నిచ్చు సలహా మాత్రము వారును పొందవచ్చును. లోపములెన్ని యున్నను, ఆపద రాకముందే వచ్చి యడుగుమని చెప్పు చట్టము కలదు. మనలనేలిన జాతి చట్టమని దానిలోని మేలును త్రోసివేయుట వివేకము కాదు.

మనదేశమున 1985 లో ఓల్గా టెల్లిస్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు, జీవించు హక్కులో జీవనోపాధి హక్కు ఇమిడియున్నదని చెప్పెను. 2011 జనాభా లెక్కలలో ఇల్లులేనివారు పదునేడు లక్షలకు పైబడి తేలిరి. సుప్రీముకోర్టు 2010 లో ఆశ్రయ గృహములను గూర్చి ఉత్తర్వులిచ్చెను. లక్ష పట్టణ జనులకొక్కటి చొప్పున అవి యుండవలెనని 2013 లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల పథకము నియమము చేసెను. మంచిదే. కాని పథకము వేరు, హక్కు వేరు. పథకము రాత్రికి చాప పరచును. పగటి ఇంటిని నిలుపదు.

ధనమెక్కడిదని కొందరడుగుదురు. ఒకమారు వీథిని పడిన కుటుంబము ఇంటితోడనే బిడ్డల బడిని, పనిముట్లను, వాడుకగా కొనువారిని, చిరునామాను కోల్పోవును. వానినన్నిటిని తిరిగి సమకూర్చుటకంటె యజమానితో మాటలాడి గడువు తెచ్చుట చౌక కాదా?

మేము కోరునవి మూడు. ఖాళీ చేయుమన్న నోటీసు అందగానే అర్జీ పుచ్చుకొను అధికారి ప్రతి పురపాలక సంఘమునను ఉండవలెను. అర్జీకి వ్రాతమూలకమైన జవాబు రావలెను. ఆ జవాబుపై అప్పీలు ఉండవలెను.

అంతవరకు చదువరులు తెలిసికొనదగిన దొకటి కలదు. చట్టప్రకారము గాక బలిమిచే వెళ్ళగొట్టబడినవాడు 1963 వ సంవత్సరపు నిర్దిష్ట ఉపశమన చట్టము 6 వ సెక్షను క్రింద ఆరు మాసములలోపల దావా వేసి స్వాధీనము కోరవచ్చును. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు తెగలవారికిని, పరిమితికి లోబడిన ఆదాయము గలవారికిని జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితముగ న్యాయవాదిని ఏర్పరచును. ప్రతి గ్రంథాలయపు గోడపైనను ఈ రెండు మాటలును, ఆ యూరి ఆశ్రయ గృహపు చిరునామాయును వ్రాసి యుంచుడు.

ఆ ఇల్లాలి సంగతి యేమైనదందురా? మిత్రులు నలుగురు పోయి యజమానితో మాటలాడగా రెండు నెలల గడువు దొరకినది. ఈలోగా అదే పేటలో ఒక గది కుదిరినది. ఇందు మా ఘనత యేమియు లేదు. వెంట వచ్చు నలుగురు లేనివారి గతి యేమి? ఆ నలుగురి పని చేయుటకే గదా మనము పన్నులు చెల్లించి పురపాలక సంఘములను నిలుపుకొన్నది!